ఫ్యూజ్ వైరుకు కాపలా, రిలే స్టీరియోకు చేయూత: కారు ఆడియో వైరింగ్‌లో కలగాపులగమయ్యే రెండు పనులు

కారులో ఊఫర్ (బాస్ స్పీకరు), ఆంప్ (సౌండ్ పెంచే ఆంప్లిఫయర్) పెట్టించుకుందామని విశాఖలో నాలుగు షాపులు తిరిగితే నాలుగు మాటలు వినిపిస్తాయి. “రిలే వెయ్యకపోతే స్టీరియో కాలిపోద్దండి” అంటారొకరు. “ఒక్క ఆంప్‌కి రిలే ఎందుకండీ, దండగ” అంటారింకొకరు. ఫ్యూజ్ సంగతికొస్తే “ఆంప్‌కే ఫ్యూజులున్నాయి కదా, మళ్లీ బ్యాటరీ దగ్గర దేనికి” అనేవాళ్లున్నారు. “ఊరికే ఎగిరిపోతోందా, అయితే పెద్దది వేసేద్దాం” అనేవాళ్లూ ఉన్నారు. మొదటి రెండు మాటలూ సందర్భాన్ని బట్టి నిజమే. చివరి రెండూ కారుకు నిప్పంటించే మాటలు.

ఈ గందరగోళానికి కారణం ఉంది. బానెట్ కింద నల్లపెట్టెలో రిలేలు, ఫ్యూజులు పక్కపక్కనే ఉంటాయి, చవగ్గా దొరుకుతాయి. దాంతో రెండూ ‘సేఫ్టీ కోసమే’ అనుకుంటాం. నిజానికి ఫ్యూజ్ ఒక్కటే రక్షణ. రిలే ఒక స్విచ్చు. చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్ ఆఫ్ చేయించే స్విచ్చు, అంతే.

ఫ్యూజ్ కాపాడేది ఆంప్‌ను కాదు

కారు బ్యాటరీ 12 వోల్టులే. ముట్టుకున్నా షాక్ కొట్టదు. అందుకే చాలామందికి దాని మీద ఇంట్లో కరెంటు మీదున్న భయం ఉండదు. కానీ ప్లస్, మైనస్ నేరుగా కలిస్తే అదే బ్యాటరీ వందల ఆంపియర్లు కుమ్మరిస్తుంది. ఇంట్లో గీజరు తీసుకునేది పది ఆంపియర్ల చిల్లర.

ఆంప్‌కి వెళ్లే మెయిన్ వైరు దారి చూడండి. బ్యాటరీ ప్లస్ దగ్గర మొదలై, ఇంజినుకీ క్యాబిన్‌కీ మధ్య ఉన్న రేకులో రంధ్రం గుండా లోపలికొచ్చి, గుమ్మం పక్క ప్లాస్టిక్ పట్టీ కింద నుంచి, వెనక సీటు దాటి డిక్కీలోకి చేరుతుంది. హ్యాచ్‌బ్యాక్‌లో అయినా దాదాపు 5 మీటర్లు. రేకు రంధ్రంలో రబ్బరు బుష్ వెయ్యకపోతే, రోజూ ఇంజిన్ అదురుకు ఆ అంచు వైరు తొడుగును కొద్దికొద్దిగా కోస్తుంది. సీటు పట్టాల కింద నలిగినా అంతే. ఏదో ఒక రోజు రాగి బాడీకి తగులుతుంది. కారు బాడీ అంటే బ్యాటరీ మైనసే. ఆ క్షణం నుంచి వైరు హీటరు కాయిల్ అయిపోతుంది, పైన కార్పెట్ ఉంటుంది.

ఇప్పుడు ఆంప్ మీద ఉన్న ఫ్యూజులు ఏం చేస్తాయి? ఏమీ చేయలేవు. అవి వైరుకు అటు చివర ఉన్నాయి. కరెంటు అక్కడిదాకా వెళ్లకుండానే మధ్యదారిలో బాడీలోకి దిగిపోయింది. అందుకే మెయిన్ ఫ్యూజ్ బ్యాటరీ దగ్గర ఉండాలి. 18 అంగుళాలు, అంటే 45 సెంటీమీటర్ల లోపు అనేది ఈ పనిలో అందరూ పాటించే లెక్క. అసలు చూడాల్సింది ఆ అంకె కంటే వైరు వెళ్లే దారిని. బ్యాటరీకీ ఫ్యూజ్‌కీ మధ్య ఉన్న ముక్కకు ఏ రక్షణా లేదు. అది 20 సెంటీమీటర్లే అయినా పదునైన రేకు అంచు మీదుగా పోతుంటే ప్రమాదమే. బ్యాటరీ నుంచి సూటిగా వచ్చి, గట్టి క్లాంపుతో నిలబడి ఉంటే 40 అయినా పర్వాలేదు.

30 ఆంపియర్ల ఫ్యూజ్ 31కే కొట్టెయ్యదు

ఫ్యూజ్ మీద రాసిన అంకె దాటగానే అది తెగిపోతుందనుకోవడం సహజం. మామూలు బ్లేడ్ ఫ్యూజుల తయారీ లెక్కలు అలా ఉండవు. రేటింగు కంటే 10 శాతం ఎక్కువ కరెంటు పోతున్నా కనీసం 100 గంటలు నిలవాలి. 35 శాతం ఎక్కువైతే ముప్పావు సెకను నుంచి 10 నిమిషాల లోపు ఎప్పుడైనా తెగవచ్చు. రెట్టింపు కరెంటుకు 0.15 నుంచి 5 సెకన్లు పడుతుంది. అంటే పచ్చరంగు 30 ఆంపియర్ల ఫ్యూజ్‌లో 40 ఆంపియర్లు కొన్ని నిమిషాలు పారే అవకాశం ఉంది. ఆ నిమిషాల్లో వేడెక్కేది వైరు.

కాబట్టి ఫ్యూజ్ అంకెకు రెండు హద్దులు. కింద హద్దు లోడు: మామూలుగా పారే కరెంటు ఫ్యూజ్ రేటింగులో 75-80 శాతం దాటకూడదు, దాటితే ఊరికే ఎగిరిపోతుంటుంది. పై హద్దు వైరు: అది తట్టుకునే కరెంటును ఫ్యూజ్ ఎప్పుడూ మించకూడదు. ‘లోడును బట్టి వెయ్యాలి’, ‘వైరును బట్టి వెయ్యాలి’ అని వాదించుకునే ఇద్దరూ చెరో హద్దునే చూస్తున్నారు. ఈ రెంటి మధ్యా చోటు లేదంటే వైరు సన్నగా ఉందని అర్థం. అప్పుడు మార్చాల్సింది వైరును. ఫ్యూజ్ పెంచడమంటే గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోవడమే.

ఒక సిస్టమ్ లెక్క, మొదటి నుంచీ

ఊఫర్ కోసం 500 వాట్ల మోనో (ఒకే ఛానెల్) ఆంప్, డోర్ స్పీకర్ల కోసం ఒక్కో ఛానెల్‌కు 50 వాట్ల చొప్పున 4 ఛానెళ్ల ఆంప్ అనుకుందాం. ఇవి ఆర్‌ఎంఎస్ వాట్లు, అంటే ఆంప్ ఆగకుండా ఇవ్వగలిగేవి. అట్ట డబ్బా మీద పెద్ద అక్షరాలతో వేసే ‘2000 వాట్స్ మ్యాక్స్’తో ఈ లెక్కకు పని లేదు.

మోనో ఆంప్ సాధారణంగా క్లాస్ డి అనే రకం, సామర్థ్యం 80 శాతం దగ్గర ఉంటుంది. 500 వాట్లు బయటికి రావాలంటే 625 వాట్లు లోపలికి పోవాలి. ఇంజిన్ నడుస్తున్నప్పుడు ఉండే 13.8 వోల్టులతో భాగిస్తే 45 ఆంపియర్లు. 4 ఛానెళ్లది క్లాస్ ఏబీ అయితే సామర్థ్యం 55 శాతం అనుకోండి. 200 వాట్లకు 364 వాట్లు, అంటే 26 ఆంపియర్లు. మొత్తం 71. పాటలో డప్పు దెబ్బ పడిన క్షణంలోనే ఈ అంకె వస్తుంది, సగటు కరెంటు చాలా తక్కువ. మోనో ఆంప్ మీద 25 చొప్పున రెండు, రెండోదాని మీద 30 ఒకటి ఫ్యూజులున్నాయనుకుంటే మొత్తం 80. మెయిన్ ఫ్యూజ్ 80 వేస్తే సరిపోతుంది.

ఇక వైరు. 4 గేజ్ అంటే 21 చదరపు మిల్లీమీటర్ల రాగి. 5 మీటర్ల మీద 71 ఆంపియర్లకు పోయే వోల్టేజీ 0.3 కూడా ఉండదు. అదే ఇంకా సన్నదైన 8 గేజ్ అయితే 0.7 దాటుతుంది. 8 గేజ్‌లోనూ అల్యూమినియం మీద రాగి పూత ఉన్న రకమైతే నిరోధం రాగి కంటే సుమారు ఒకటిన్నర రెట్లు కాబట్టి 1 వోల్టు పైనే పోతుంది. బాస్ పడినప్పుడల్లా డ్యాష్‌బోర్డు లైట్లు మినుకుమంటే ‘బ్యాటరీ చిన్నది’ అనేస్తారు. ముందు కొలిచి చూడాల్సింది ఈ వైరునే. పైగా 8 గేజ్ వైరుకు 80 ఆంపియర్ల ఫ్యూజ్ వేస్తే వైరే ఫ్యూజ్ అవుతుంది.

డిక్కీలో ఆ లావు వైరు రెండుగా చీలి ఒక్కో ఆంప్‌కి 8 గేజ్ వెళ్తుంది. ఇక్కడ చాలా ఫిట్టింగులు తప్పుతాయి. ముందు ఉన్న 80 ఆంపియర్ల ఫ్యూజ్ 4 గేజ్‌ను కాపాడుతుంది, 8 గేజ్‌ను కాదు. అందుకే చీలిక దగ్గర ఫ్యూజులున్న డిస్ట్రిబ్యూషన్ బ్లాక్ కావాలి: ఒకవైపు 50, ఇంకోవైపు 30. అక్కడి నుంచే రిలేకి 1.5 చదరపు మిల్లీమీటర్ల సన్న వైరు తీస్తే దాని మొదట్లో 5 ఆంపియర్ల ఫ్యూజ్ ఉండి తీరాలి. వైరు సన్నబడిన ప్రతిచోటా ఒక ఫ్యూజ్, అదీ సన్నబడిన చోటే.

నల్ల డబ్బా, ఐదు కాళ్లు

అరచేతిలో ఇమిడిపోయే రిలేను తిరగేస్తే కాళ్ల పక్కన చిన్న అంకెలుంటాయి: 85, 86, 30, 87, 87ఏ. జర్మన్ ప్రమాణం నుంచి వచ్చిన ఈ అంకెలు ఏ కంపెనీ రిలే మీదైనా దాదాపు ఇవే.

85, 86 మధ్య కాయిల్ ఉంటుంది. మల్టీమీటర్‌తో కొలిస్తే సుమారు 70 నుంచి 100 ఓములు. 12 వోల్టులు ఇస్తే 150 మిల్లీ ఆంపియర్ల దరిదాపుల్లో తీసుకుని, ‘టక్’ మని ఇనుప పలకను లాగుతుంది. ఆ పలకకు కలిసున్నది 30. కాయిల్‌కి కరెంటు లేనప్పుడు 30, 87ఏ కలిసుంటాయి. కరెంటు రాగానే పలక అటు వదిలి 87ను పట్టుకుంటుంది.

ఆంప్ రిమోట్ (ఆంప్‌ను ఆన్ ఆఫ్ చేసే సన్న లైను) కోసం వాడేటప్పుడు, ఆ సిగ్నల్ ఇచ్చే స్టీరియో నీలం-తెలుపు వైరు 86కి, 85 నుంచి బాడీ ఎర్త్‌కి, ఫ్యూజ్ దాటి వచ్చిన బ్యాటరీ ప్లస్ 30కి, 87 నుంచి ఆంపుల రిమోట్ టెర్మినళ్లకి వెళ్తుంది. మిగిలిన 87ఏను ‘వాడం కదా’ అని వదిలేస్తారు. కానీ స్టీరియో ఆఫ్‌లో ఉన్నంతసేపూ ఆ కాలి మీద పూర్తి 12 వోల్టులుంటాయి. సాకెట్ నుంచి వచ్చిన ఆ వైరు కొస బాడీకి తగిలితే 5 ఆంపియర్ల ఫ్యూజ్ పోతుంది, ఆ ఫ్యూజ్ వెయ్యకపోతే వైరే కాలుతుంది. కొసను హీట్ ష్రింక్‌తో (వేడి చేస్తే బిగుసుకునే గొట్టం) మూసెయ్యాలి, లేదా సాకెట్ నుంచి ఆ పిన్నే తీసెయ్యాలి.

87 బదులు 87ఏకి కలిపితే లక్షణం విచిత్రంగా ఉంటుంది: స్టీరియో పెడితే ఆంప్ ఆగిపోతుంది, కట్టేస్తే వెలుగుతుంది. తెల్లారేసరికి బ్యాటరీ ఖాళీ. ఇంకో తికమక, కొన్ని రిలేల్లో మధ్య కాలు కూడా 87యే, 87ఏ కాదు. డబ్బా పక్కన ముద్రించిన బొమ్మ చూడకుండా మధ్య కాలు మీద నమ్మకం పెట్టుకోవద్దు.

రిలే కావాలా, అక్కర్లేదా?

స్టీరియో నీలం-తెలుపు వైరు ఇవ్వగలిగేది చాలా తక్కువ. చాలా స్టీరియోలకు 300 మిల్లీ ఆంపియర్లే గరిష్ఠం. ఒక ఆంప్ రిమోట్ తీసుకునేది కొన్ని పదుల మిల్లీ ఆంపియర్లు. కాబట్టి ఒక్క ఆంప్‌కి రిలే దండగ అన్నవాళ్లు తప్పు చెప్పలేదు. 150 తీసుకునే కాయిల్‌ను తగిలించి ఆ వైరు మీద భారం పెంచినట్టే అవుతుంది.

లెక్క ఎక్కడ తిరగబడుతుందంటే, రెండు ఆంపులకు 50 చొప్పున 100, సౌండ్ ప్రాసెసర్‌కి 50, డిక్కీలో వేడి తగ్గించడానికి పెట్టిన రెండు చిన్న ఫ్యాన్లకు 250 చొప్పున 500. మొత్తం 650 మిల్లీ ఆంపియర్లు. స్టీరియోలో ఆ వైరును నడిపే చిన్న ట్రాన్సిస్టర్ ఇంత మోయలేదు. ఒక్కసారిగా కాలదు కూడా. వోల్టేజీ 12 నుంచి 9కి జారుతుంది, ఆంపులు ఆగుతూ వస్తూ ఉంటాయి, కొన్నాళ్లకు ఆ వైరు చచ్చిపోతుంది, స్టీరియో మాత్రం పాడుతూనే ఉంటుంది. ఇలాంటి చోట రిలే తప్పనిసరి. అదీ ఒక్కటే. ఒక్కో పరికరానికి ఒక్కో రిలే పెడితే రెండు కాయిళ్లకే 300 అయిపోతుంది.

మెయిన్ కరెంటును రిలే గుండా పంపడం మీద వాదం

“రిలే మీద 40 ఆంపియర్లని రాసుంది, ఆంప్ మెయిన్ ప్లస్‌నే దాని గుండా ఇస్తే బండి ఆపాక చుక్క కరెంటు పోదు కదా” అనే వాదన ఉంది. కొట్టిపారెయ్యాల్సింది కాదు. నెలల తరబడి షెడ్డులో ఉండే బండికి అది నిజంగా ఉపయోగమే.

ఇబ్బందులు రెండు. ఆంప్ లోపల కరెంటును నిల్వచేసే పెద్ద కెపాసిటర్లుంటాయి. ఖాళీగా ఉన్నవాటికి ఒక్కసారిగా ప్లస్ తగిలితే, నిండేదాకా ఒక్క క్షణం కరెంటు ఎగిసిపడుతుంది. రోజుకు నాలుగైదుసార్లు ఇలా జరిగితే రిలే కాంటాక్టులు కాలి అతుక్కుపోతాయి, ఇక ఆఫ్ అవ్వదు. రెండోది, రిలే 40 మోసినా దాని సాకెట్‌తో వచ్చే వైర్లు మోయవు. బజారులో దొరికే సాకెట్లకు చాలావాటికి 1.5 చదరపు మిల్లీమీటర్లకు మించని వైర్లే ఉంటాయి. మెయిన్ లైను కట్టెయ్యాలనే ఉంటే నిరంతరంగా పనిచేసేందుకు తయారుచేసిన సోలినాయిడ్ (రిలే లాంటిదే, పెద్ద కరెంటుకు) వాడాలి. సెల్ఫ్ మోటారు సోలినాయిడ్ కొద్ది సెకన్లకే పనికొస్తుంది, గంటలు నడిపితే కాయిల్ మాడుతుంది. మామూలు వాడకానికి ఆంప్ మెయిన్ ప్లస్ ఎప్పుడూ కలిసే ఉండి, రిమోట్ ఒక్కటే ఆన్ ఆఫ్ కావడం మేలు. ఆంపుల్ని తయారుచేసేదే అలా నడవడానికి.

సిగ్నల్ ఎక్కడి నుంచి తీసుకోవాలి

కంపెనీ నుంచి వచ్చిన టచ్ స్క్రీన్లు చాలావాటిలో నీలం-తెలుపు వైరు ఉండదు. అప్పుడు దారులు రెండు. స్పీకర్ వైర్ల నుంచే సౌండ్ తీసుకునే ఆంప్ అయితే, ఆ వైర్ల మీద వోల్టేజీ గమనించి తనంతట తనే ఆన్ అయ్యే సౌకర్యం ఉంటుంది. వైరు కోయక్కర్లేదు, రిలే అక్కర్లేదు. కాకపోతే కొన్ని స్క్రీన్లతో ఆలస్యంగా మేలుకోవడం, పాట ఆపగానే నిద్రపోవడం ఉంటాయి.

రెండోది, ఫ్యూజ్ బాక్సులో తాళం మొదటి మెట్టుకు వచ్చే ఏసీసీ లైను నుంచి ఫ్యూజ్ ట్యాప్‌తో (ఫ్యూజ్ చోట గుచ్చి అదనపు వైరు తీసే ముక్క) తీసుకుని రిలే కాయిల్‌కి ఇవ్వడం. నమ్మకంగా పనిచేస్తుంది. కానీ స్టీరియో సిద్ధం కాకముందే ఆంప్ మేలుకుంటుంది కాబట్టి ఊఫర్‌లో ‘ధబ్’ మని దెబ్బ వినిపించవచ్చు. పాటలు ఆపినా ఏసీసీ ఉన్నంతసేపూ ఆంప్ వెలుగుతూనే ఉంటుంది.

ఏసీసీ దొరకలేదని ఎప్పుడూ కరెంటుండే లైనుకు కలిపేస్తే ఏమవుతుందో చూడండి. పాట లేకపోయినా ఆంపులు కలిపి 1 ఆంపియర్ తీసుకుంటే రోజుకు 24 ఆంపియర్ అవర్లు. చిన్న కారు బ్యాటరీ మొత్తం 35. విమానాశ్రయం పార్కింగులో బండి పెట్టి రెండు రోజులకు హైదరాబాద్ వెళ్లొస్తే సెల్ఫ్ తిరగదు. ఆర్కే బీచ్ దగ్గర ఇంజిన్ ఆపి పాటలు వినడానికీ ఇదే లెక్క: సగటున 8 ఆంపియర్ల చొప్పున రెండు గంటలకు 16, బ్యాటరీలో దాదాపు సగం. ఏ రిలే, ఏ ఫ్యూజ్ ఇందులో అడ్డుపడవు, వాటి పని అది కాదు.

కాయిల్ మీద డయోడ్

కాయిల్‌కి కరెంటు ఆపిన క్షణంలో దానిలో దాగున్న శక్తి వందల వోల్టుల ఎదురు తన్నుగా బయటపడుతుంది. అది నేరుగా స్టీరియో ట్రాన్సిస్టర్ మీదికే వెళ్తుంది. 85, 86 మధ్య, కరెంటును ఒకే దిక్కున పోనిచ్చే 1ఎన్4007 డయోడ్ పెడితే, వెండి గీత ఉన్న వైపు 86కి, ఆ తన్ను అక్కడికక్కడే తిరిగి చల్లారుతుంది. డయోడ్ వల్ల రిలే వదలడం కాస్త ఆలస్యమవుతుందన్న అభ్యంతరం నిజమే. కానీ అది మిల్లీసెకన్ల ఆలస్యం, రిమోట్ లైనుకు తేడా తెలియదు.

డయోడ్ లోపలే ఉన్న రిలేలూ దొరుకుతాయి. మామూలు రిలేలో 85, 86 తారుమారైనా ఫర్వాలేదు. డయోడ్ ఉన్నదానిలో తారుమారైతే స్టీరియో ప్లస్ డయోడ్ గుండా నేరుగా ఎర్త్‌కి దిగుతుంది, కాపాడాల్సిందే కాల్చేస్తుంది. నీలం-తెలుపు వైరులో 1 ఆంపియర్ ఫ్యూజ్ ఒకటి వేసుకుంటే నష్టం తగ్గవచ్చు. డయోడ్ బదులు రెసిస్టర్ ఉన్న రిలేకి ఈ దిక్కుల గొడవ లేదు.

సముద్రపు గాలి, ఫ్యూజ్ పట్టుకోలేని వేడి

భీమిలి నుంచి గాజువాక దాకా ఎక్కడ బండి పెట్టినా గాలిలో ఉప్పు, చెమ్మ ఉంటాయి. బానెట్ కింద ఫ్యూజ్ హోల్డరు మూత తీస్తే స్క్రూ చుట్టూ ఆకుపచ్చ చిలుం కనిపించడం ఇక్కడ మామూలే. ఆ చిలుం నిరోధం పెంచుతుంది. వదులు జాయింటులో 10 మిల్లీ ఓముల నిరోధం ఉండి, 40 ఆంపియర్లు పారితే అక్కడ పుట్టే వేడి 16 వాట్లు. చిన్న సోల్డరింగ్ ఐరన్‌లో సగం పైనే. హోల్డరు ప్లాస్టిక్ కరిగి పసుపు, గోధుమ రంగులకు తిరుగుతుంది, ఫ్యూజ్ మాత్రం చెక్కుచెదరదు. ఎందుకంటే కరెంటు హద్దులోనే ఉంది.

అల్యూమినియం మీద రాగి పూత ఉన్న వైర్లకు ఈ ఊరి గాలి ఇంకా పడదు. కోసిన కొస దగ్గర అల్యూమినియం, రాగి రెండూ ఉప్పుచెమ్మకు తగిలి తొందరగా తినేసుకుంటాయి. పైగా అల్యూమినియం మెత్తన కాబట్టి స్క్రూ కింద నలిగి వదులవుతుంది. కొనేముందు ఒక పోగును బ్లేడుతో గీకితే తెలిసిపోతుంది: పైన ఎరుపు, లోపల తెలుపు అయితే పూత వైరు. పైన తెలుపు, లోపల ఎరుపు అయితే తగరం పూసిన రాగి, తీర ప్రాంతానికి అన్నిటికంటే మంచిది. వైరు కొసకు తొడిగే లగ్గును ప్లయర్స్‌తో నొక్కకుండా క్రింపింగ్ టూలుతో బిగించి, లోపల జిగురున్న హీట్ ష్రింక్ వేస్తే చెమ్మ లోపలికి పోదు. ఎర్త్‌కి కూడా మెయిన్ వైరంత లావు ఉండాలి, 45 సెంటీమీటర్ల లోపు, పెయింటు గీకిన రేకు మీద. బిగించాక పైన గ్రీజు పూయకపోతే ఆ గీకిన చోటే తుప్పు మొదలవుతుంది.

తేడా వస్తే లక్షణం ఏం చెబుతుంది

రిలే టకటకా కొట్టుకుంటుంటే కాయిల్‌కి వోల్టేజీ చాలట్లేదు. పట్టుకోవడానికి దానికి 7-8 వోల్టులు కావాలి. 86 దగ్గర 11 పైన ఉండి, 85కీ బ్యాటరీ మైనస్‌కీ మధ్య అర వోల్టు దాటి కనిపిస్తే తప్పు ఎర్త్‌ది. 86 దగ్గరే తక్కువుంటే స్టీరియో లైనుది. ఇంజిన్ రేజ్ చేసినకొద్దీ పెరిగే సన్నటి ఈల వినిపిస్తే రిలేను మార్చి లాభం లేదు. స్టీరియోకీ ఆంప్‌కీ ఎర్త్ వోల్టేజీల్లో తేడా ఉంది, లేదా సౌండ్ కేబుల్ మెయిన్ వైరును ఆనుకుని పోతోంది.

ఫ్యూజ్ పోయినప్పుడు దాని కిటికీలోంచి తీగను చూడండి. మధ్యలో సన్నగా కరిగి తెగితే మెల్లగా ఎక్కువైన లోడు. లోపలంతా నల్లగా మసిబారి, తీగ ఆనవాలే లేకపోతే గట్టి షార్ట్. రెండో రకమైతే ఇంకో ఫ్యూజ్ వేసి చూసే ముందు బ్యాటరీ మైనస్ విప్పి, ఆంప్ వైపు వైరు కూడా తీసి, మెయిన్ వైరుకీ బాడీకీ మధ్య ఓములు కొలవాలి. అంకె ఏదైనా చూపిస్తే ఆ 5 మీటర్లలో ఎక్కడో తొడుగు తెగింది. మొదట వెతకాల్సిన చోటు రేకు రంధ్రం దగ్గరి రబ్బరు బుష్.